జ్వాలాపురం బూడిద వయసు ఎవరిని అడగాలి?

(గుంటూరులో డిగ్రీ విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడినవారు భూగర్భశాస్త్రం బోధించి రిటైరైన అధ్యాపకులు.)

అందరికీ నమస్కారం.

ముందు వరసలో కూర్చున్న అమ్మాయి చేతికి ఒక చిన్న సీసా ఇస్తున్నాను. చూసి పక్కవాళ్లకు ఇవ్వమ్మా, అలా చివరి వరస దాకా వెళ్లాలి. మూత మాత్రం ఎవరూ తీయొద్దు. చూస్తే ముగ్గుపిండి అనుకుంటారు. కాదు, అది గాజు. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని గాజు పెంకులు కొన్ని కోట్లు ఉంటాయి ఆ సీసాలో. పీలిస్తే ఊపిరితిత్తులకు చెరుపు, అందుకే మూత తీయొద్దన్నాను.

ఈ గాజు పుట్టింది సుమత్రా దీవిలో. ఇండోనేషియాలో టోబా అనే సరస్సు ఉంది. వంద కిలోమీటర్ల పొడవు, ముప్పై కిలోమీటర్ల వెడల్పు. ఒకప్పుడు అక్కడ అగ్నిపర్వతం పేలి, లోపలి మాగ్మా, అంటే కరిగిన రాయి, అంతా బయటికి పోయి, పైనున్న నేల కుంగిపోతే ఏర్పడిన గొయ్యి అది. బయటపడ్డ సరుకు సుమారు 2,800 ఘన కిలోమీటర్లని అంచనా. అందులో మెత్తటి బూడిద గాలికి బంగాళాఖాతం దాటి వచ్చి మన దేశం మీద రాలింది. నంద్యాల జిల్లాలో, బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. టోబా నుంచి అక్కడికి 2,600 కిలోమీటర్ల పైమాటే. ఆ ఊరి పొలాల కింద ఆ బూడిద ఇప్పటికీ ఉంది. పేరులో జ్వాల ఉంది కదా అని ఊహలు పెంచుకోవద్దు, ఆ చుట్టుపక్కల అగ్నిపర్వతమేదీ లేదు.

పుస్తకాల్లో దాని వయసు 74,000 సంవత్సరాలని చదువుతారు. ఆ అంకె ఎవరు చెప్పారు, దేన్ని అడిగి చెప్పారు, ఎంతవరకు నమ్మాలి అన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది.

నేను మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు ఎండాకాలం. రోడ్డు పక్కన తవ్విన గుంట, గుంట గోడ తెల్లగా, కళ్లు చెదిరేటంత తెల్లగా ఉంది. మనుషులు పలుగులతో తవ్వి బస్తాలకెత్తుతున్నారు. ఎక్కడికి పోతుందని అడిగితే గిన్నెలు తోమే పొడిలోకి అన్నారు. మా అమ్మ పొయ్యిలో బూడిదతో గిన్నెలు తోమేది, ఆ సంగతి గుర్తొచ్చింది. గుంటలోకి దిగి గోడ దగ్గర కూర్చుని చాకుతో మెల్లగా గీకాను. మొత్తం పొర కొన్నిచోట్ల రెండున్నర మీటర్లు ఉంటుంది. కానీ అంతా ఒకేలా లేదు. అట్టడుగున కొద్ది సెంటీమీటర్ల మందాన మాత్రం చాలా మెత్తగా, శుభ్రంగా, గట్టిగా పట్టి ఉంది. దాని పైన చారలు చారలుగా, మధ్యమధ్య సన్నటి మట్టితో కలిసి ఉంది. ఆకాశం నుంచి నేరుగా రాలింది ఆ అడుగు కొద్ది సెంటీమీటర్లే. మిగిలిందంతా చుట్టుపక్కల గట్ల మీద పడి, తర్వాత వానలకు కొట్టుకొచ్చి లోయలో పేరుకున్నది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక గదుల్లో మిగిలిన బురద మీలో కొందరు చేత్తో ఎత్తిపోసే ఉంటారు. ఆ బురద ఆ ఇంట్లోకి వచ్చిన తేదీ 2024. కానీ అందులోని ఒక ఇసుక రేణువు కొండరాయి నుంచి ఊడిన తేదీ వేరు. ఆ రాయి పుట్టిన తేదీ ఇంకా వేరు. మూడూ నిజమైన తేదీలే. ఒకదాని బదులు ఇంకొకటి చెప్పామా, మొత్తం కథ తప్పిపోతుంది.

గుంటూరులో ఉన్నాం కాబట్టి దీన్నే మిర్చితో చెబుతాను. చేలో కాయ కోస్తారు. కళ్లంలో ఎండబెట్టి, టిక్కీల్లో తొక్కి కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ధర వచ్చేదాకా ఏడాదో, ఇంకా ఎక్కువో అక్కడే ఉంటుంది. తర్వాత మిల్లులో ఆడిస్తారు. ఆ కారం మన వంటింటి డబ్బాలోకి మరెప్పుడో చేరుతుంది. ఇప్పుడు డబ్బాలో కారం వయసెంత? కోసిన తేదీ చెప్పాలా, ఆడించిన తేదీయా, డబ్బాలో పోసి మూత పెట్టిన తేదీయా? బూడిదకూ ఈ మూడు తేదీలున్నాయి. మాగ్మాలో స్ఫటికం గట్టిపడ్డ రోజు కాయ కోత. అగ్నిపర్వతం పేలిన రోజు మిల్లు ఆడిన రోజు. నేల మీద పడి, పైన మట్టి కప్పి వెలుతురు తగలకుండా పోయిన రోజు డబ్బాకు మూత పెట్టిన రోజు. ఇక స్ఫటికాల కోల్డ్ స్టోరేజీ ఏమిటంటే భూమి లోపలి మాగ్మా గది. ఏడు వందల డిగ్రీలు దాటిన వేడిలో ఉండే స్టోరేజీ అనుకోండి. ఈ పోలిక మనసులో పెట్టుకోండి, ఒక్కో పద్ధతి దగ్గరా మళ్లీ వస్తాను.

అందరూ మొదట అడిగేది కార్బన్ డేటింగ్ గురించే. అది ఇక్కడ పని చేయదు. కార్బన్-14 సగానికి తగ్గడానికి పట్టేది 5,730 ఏళ్లు. 50,000 ఏళ్లు దాటేసరికి కొలవడానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. పైగా గాజులో కార్బన్ ఉండదు. కొత్త బూడిద అయి, దాని కింద కాలిన కొమ్మ దొరికితే మాత్రం అంతకు మించిన పద్ధతి లేదు. జ్వాలాపురానికి అది వయసు చాలని సాక్షి.

ఇక పొటాషియం. అరటిపండులో ఉండే పొటాషియమే. ప్రతి పది వేల పొటాషియం పరమాణువుల్లో ఒకటి కన్నా కాస్త ఎక్కువగా పొటాషియం-40 ఉంటుంది, అది నిలకడ లేనిది. సగం మారడానికి 125 కోట్ల సంవత్సరాలు. మారిన వాటిలో నూటికి పదకొండు దాకా ఆర్గాన్ అనే వాయువు అవుతాయి, మిగతావి కాల్షియం. మాగ్మా వేడిలో ఆర్గాన్ స్ఫటికంలో నిలవదు, జారిపోతుంది. పేలి, బయటపడి, చల్లబడ్డాక పుట్టిన ఆర్గాన్ మాత్రం లోపలే చిక్కుకుంటుంది. అంటే ఈ గడియారం సున్నా నుంచి మొదలయ్యేది పేలిన రోజునే. మిల్లు ఆడిన తేదీ. మనకు కావలసింది అదే.

కానీ లెక్క వేసి చూడండి. 74,000 ఏళ్లలో, పది లక్షల పొటాషియం-40 పరమాణువుల్లో మారినవి నలభై ఒకటి. అందులో ఆర్గాన్ అయినవి నాలుగైదు. పది లక్షలకు నాలుగైదు! ఇప్పుడు అదే నమూనాలో వంద కోట్ల ఏళ్ల నాటి పాత రాతి గింజ ఒకటి కలిసిందనుకుందాం. పొటాషియం పాళ్లు రెండిట్లో ఒకటేననుకుంటే, ఆ పాత గింజలో ఆర్గాన్ మన గింజలో కన్నా పద్దెనిమిది వేల రెట్లు ఎక్కువ. పది వేల గింజల్లో అలాంటిది ఒక్కటి కలిసినా చాలు, అన్నీ కలిపి కొలిస్తే 74,000 రావలసిన చోట రెండు లక్షల పైచిలుకు వస్తుంది. మన నదులు మోసే ఇసుకంతా ముసలి రాళ్ల ఇసుకే. వాగు తెచ్చి పేర్చిన బూడిదలో పది వేలకు ఒక గింజ కలవలేదని ఎవరు పూచీ పడతారు?

పాత పొటాషియం–ఆర్గాన్ పద్ధతిలో ఇదే చిక్కు. బోలెడు గింజలు కలిపి కరిగించాలి. పొటాషియం ఒక భాగంలో, ఆర్గాన్ మరో భాగంలో కొలవాలి. తప్పు జరిగినా అంకెలో కనబడదు. పాత గింజలు కలవడం వల్ల ఎంత రాద్ధాంతం అయిందో చెప్పడానికి కెన్యా కథ చెప్పాలి, కాస్త నిదానంగా చెబుతాను.

కెన్యా ఉత్తరాన తుర్కానా సరస్సు ఉంది. దాని తూర్పు ఒడ్డున కేబీఎస్ టఫ్ అని పిలిచే బూడిద పొర ఉంది. అక్కడ ఆదిమానవుల శిలాజాలు వెతికే రిచర్డ్ లీకీ బృందం పని చేసేది. 1969లో ఆ బూడిద బ్రిటన్‌లోని ప్రయోగశాలకు పంపారు. మొదటి జవాబు సుమారు 22 కోట్ల సంవత్సరాలు. డైనోసార్ల కాలం! పాత గింజలు కలిశాయని వెంటనే అర్థమైంది. ప్యూమిస్ అనే అగ్నిపర్వతపు నురగరాళ్లలోంచి ఏరిన గింజలు మళ్లీ పంపారు. ఈసారి 26 లక్షల సంవత్సరాలని వచ్చింది. ఇది నమ్మదగ్గ అంకెలా కనిపించింది, ప్రచురించారు. 1972లో ఆ బూడిద కింది పొరల్లో పెద్ద మెదడున్న పుర్రె దొరికింది. 1470 అని దాని నంబరు. బూడిదే 26 లక్షల ఏళ్లదైతే పుర్రె అంతకన్నా పాతది కావాలి. అంత పాత కాలంలో అంత పెద్ద మెదడా అని ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది.

ఈ అంకెను మొదట గట్టిగా ప్రశ్నించినవి యంత్రాలు కావు, పందులు. బేసిల్ కుక్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికా పందుల శిలాజాల నిపుణుడు. పంది దంతాలు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. కేబీఎస్ కింద దొరికిన పందులు, ఇథియోపియాలో ఓమో నది దగ్గర సుమారు 20 లక్షల ఏళ్ల పొరల్లో దొరికిన పందులు ఒకటేనని ఆయన చూపించారు. రెండు చోట్లా ఒకే రకం పందులు తిరిగితే, వాటి మధ్య ఆరు లక్షల ఏళ్ల తేడా ఎలా ఉంటుంది? 1975లో అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాల 18 లక్షలు, 16 లక్షలు అని రెండు వయసులిచ్చింది. 1976లో విచ్ఛిత్తి జాడల పద్ధతి (అదేమిటో తర్వాత చెబుతాను) 24 లక్షలంది, అంటే పాత అంకె వైపే మొగ్గింది. చివరికి 1980, 81ల్లో ఆస్ట్రేలియాలో ఇయాన్ మక్‌డూగల్ జాగ్రత్తగా ఏరిన స్ఫటికాలతో చేస్తే 18.8 లక్షలు వచ్చింది. విచ్ఛిత్తి జాడలను మళ్లీ లెక్కపెడితే అవీ 18.7 లక్షలే అన్నాయి.

ఈ కథలో నన్ను ఇప్పటికీ ఆపేది ఆ 24 లక్షల అంకె. వేరే పద్ధతి, వేరే చేతులు, అయినా తప్పు వైపే ఒరిగింది. రెండు పద్ధతులు ఒకటే చెప్పాయి కాబట్టి నిజం అనేస్తాం. నా క్లాసులో నేనూ ఎన్నోసార్లు అలాగే చెప్పాను. ఒకరి జవాబు ముందే తెలిసి ఉన్న చోట రెండోవారి సాక్ష్యం బరువు తగ్గుతుందని ఈ కథ చదివాకే నాకు బోధపడింది.

ఆర్గాన్–ఆర్గాన్ పద్ధతికి ఆలోచన 1966 నాటికే ఉంది. స్ఫటికాన్ని అణు రియాక్టర్‌లో పెట్టి న్యూట్రాన్లతో కొడతారు. మామూలు పొటాషియంలో కొంత ఆర్గాన్-39గా మారుతుంది. అది ప్రకృతిలో దాదాపు దొరకని రకం, కాబట్టి అదెంతుంటే పొటాషియం అంతని లెక్క కట్టొచ్చు. ఇక రెండు చోట్ల కొలవనక్కర్లేదు. ఒకే గింజను లేజర్‌తో కరిగించి, వచ్చిన వాయువులో రెండు ఆర్గాన్లనూ ఒకేసారి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూస్తారు. ఒక్కో గింజకు ఒక్కో వయసు. యాభై గింజలు కొలిస్తే నలభై ఆరు ఒక చోట గుమిగూడి, నాలుగు ఎక్కడో దూరాన పడ్డాయనుకోండి, ఆ నాలుగూ వాగు తెచ్చిన పరాయివని తెలిసిపోతుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టే. పాత పద్ధతి రాళ్లతో సహా వండి, అన్నం రుచి చెప్పమనేది.

దీనికి పరీక్ష కూడా పెట్టారు. ఇటలీలో వెసూవియస్ క్రీ.శ. 79లో పేలింది, రోమన్ రచయిత చిన్న ప్లినీ ఉత్తరాల్లో ఆ విషయం ఉంది. 1997లో పాల్ రెనే బృందం ఆ బూడిదలోని శానిడిన్ అనే పొటాషియం ఖనిజపు స్ఫటికాలను కొలిస్తే 1,925 ఏళ్లు, అటూ ఇటూ 94, అని వచ్చింది. అసలు గడిచింది 1,918 ఏళ్లు. రాత సాక్ష్యం ఉన్న చోట ఏడేళ్ల తేడా. ఆ అంకె చూసిన రోజు నాకెంత సంతోషమైందో మాటల్లో చెప్పలేను.

అయితే ఈ పద్ధతికి సొంత కాళ్లు లేవు. రియాక్టర్‌లో ఎన్ని న్యూట్రాన్లు తగిలాయో తెలియాలంటే, వయసు ముందే తెలిసిన ఒక స్ఫటికాన్ని పక్కన పెట్టి దాంతో పోల్చాలి. ఎక్కువమంది వాడేది అమెరికాలోని కొలరాడోలో ఫిష్ కేన్యన్ అనే చోటి శానిడిన్. దాని వయసు ఒకప్పుడు 2.802 కోట్లనేవారు, 2008లో 2.820 కోట్లకు సవరించారు. తక్కెడలో పడికట్టు రాయి బరువు మారిస్తే కొట్లో సరుకుల బరువులన్నీ మారినట్టు, దాంతో తూచిన వయసులన్నీ వందకు సుమారు 0.65 చొప్పున పెరిగాయి. మన బూడిదకు అది ఐదు వందల ఏళ్లలోపు. డైనోసార్ల అంతానికైతే నాలుగు లక్షల పైచిలుకు. పాత పుస్తకాల్లో 6.5 కోట్లున్నది కొత్తవాటిలో 6.6 కోట్లు కావడంలో దీని పాత్ర ఉంది. టీచర్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, పిల్లలు రెండు పుస్తకాలు తెచ్చి అడిగితే ఈ జవాబు చెప్పండి.

మరి టోబా సంగతి? మలేషియాలోని లెంగాంగ్ లోయ బూడిదలో దొరికిన శానిడిన్లను మైకేల్ స్టోరీ బృందం కొలిచి, 2012లో 73,880 ఏళ్లు, అటూ ఇటూ 320 అని చెప్పింది. 2014లో డారెన్ మార్క్ బృందం 75,000, అటూ ఇటూ 900 అంది. వెయ్యేళ్లు తేడా ఉన్నట్టుంది కానీ ఆ అటూ ఇటూ కలిపి చూస్తే రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఈ అటూ ఇటూ అంకెను పత్రికలు వదిలేస్తుంటాయి. దయచేసి మీరు వదలొద్దు. అది లేకుండా చెప్పిన వయసు, ఊరు పేరు రాయని ఉత్తరంలాంటిది.

మలేషియాలో కొలిచిన వయసు మన బనగానపల్లెకు ఎలా వర్తిస్తుందని మీలో ఎవరో అనుకుంటూనే ఉండాలి. నిజమే. 2,600 కిలోమీటర్లు ఎగిరొచ్చేసరికి బరువైన స్ఫటికాలు దారిలోనే రాలిపోతాయి, మనదాకా వచ్చేది దాదాపు అంతా గాజు. కాబట్టి ఇక్కడి గాజు, అక్కడి బూడిద ఒకే పేలుడుకు చెందినవని ముందు రుజువు చేయాలి. ఇది వయసు కట్టడం కాదు, ఆనవాలు పట్టడం. ఒక్కో గాజు పెంకు మీదికి ఎలక్ట్రాన్ల పుంజం వదిలి సిలికా, పొటాషియం, కాల్షియం, ఇనుము ఎంతెంతో చూస్తారు. బేరియం, స్ట్రాంషియం, యట్రియం లాంటివి లేశమాత్రంగా ఉన్నా కొలుస్తారు. మాగ్మాకు మాగ్మాకు ఈ పాళ్లు తేడా, వేలిముద్రల్లాగే. ఒక చోట గట్టి వయసు తెలిస్తే, అదే వేలిముద్ర దొరికిన ప్రతి చోటికీ ఆ వయసు చేరుతుంది. ఆఫ్రికాలో మలావి సరస్సు అడుగు బురదలో కూడా టోబా గాజు దొరికిందని 2013లో ప్రకటించారు.

కానీ టోబా పేలింది ఒక్కసారి కాదు. ఐదు లక్షల ఏళ్ల కిందట ఒకసారి, ఎనిమిది లక్షల ఏళ్ల దరిదాపుల్లో ఇంకోసారి కూడా పెద్దగా పేలింది. మన సముద్రం అడుగు నుంచి తీసిన మట్టి స్తంభాల్లో ఆ మూడు పొరలూ వరుసగా కనిపిస్తాయి. ముగ్గురూ ఒకే ఇంటి అన్నదమ్ములు, పోలికలు చాలా దగ్గర. ఇక్కడే మహారాష్ట్రలోని బోరి గొడవ మొదలైంది.

పుణె జిల్లాలో కుకడి నది ఒడ్డున బోరి. అక్కడి బూడిదతో పాటు పాతరాతియుగం చేతిగొడ్డళ్లు దొరికాయి. 1989లో పొటాషియం–ఆర్గాన్‌తో 14 లక్షల ఏళ్లన్నారు. 1995లో ఆర్గాన్–ఆర్గాన్‌తో 6.7 లక్షలన్నారు. అదే ఏడాది గాజు రసాయనం చూసిన మరో బృందం, ఇది 75 వేల ఏళ్ల నాటి చిన్న తమ్ముడేనంది. 1998లో జాన్ వెస్ట్‌గేట్ బృందం విచ్ఛిత్తి జాడలతో, భారతదేశంలో ఇంతవరకు దొరికిన టోబా బూడిదంతా 75 వేల ఏళ్లదేనని తేల్చింది. ఒకే బూడిద, పద్నాలుగు లక్షల నుంచి 75 వేల దాకా! చర్చ ఇప్పటికీ పూర్తిగా సద్దుమణగలేదు. నా మొగ్గు మాత్రం గాజు వైపే. పరాయి గింజలు కలిస్తే ఆర్గాన్ వయసు ఎప్పుడూ పైకే పోతుంది. గాజు పెంకును విడిగా పట్టుకుని కొలిస్తే పరాయివాటికి చోటే లేదు. చేతిగొడ్డళ్ల ప్రాచీనతకు వచ్చిన లోటేమీ లేదు, చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో శాంతి పప్పు బృందం అవి పది లక్షల ఏళ్లకు పైబడినవని 2011లో వేరే పద్ధతిలో చూపించింది.

విచ్ఛిత్తి జాడలంటే ఏమిటో ఇంతవరకు చెప్పలేదు. గాజులో, జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికంలో రవ్వంత యురేనియం ఉంటుంది. ఎప్పుడో ఒక పరమాణువు రెండుగా చీలి, ముక్కలు చెరోవైపు దూసుకుపోతాయి. వెళ్లిన దారిలో సన్నటి గాయం మిగులుతుంది. ఆమ్లంలో ముంచితే ఆ గాయం వెడల్పై మైక్రోస్కోపులో గీతలా, గుంటలా కనబడుతుంది. వాటిని కూర్చుని లెక్కపెట్టాలి, అంతే. కంటికీ ఓపికకూ పరీక్ష. గాజులో ఇంకో చిక్కుంది. మామూలు వాతావరణపు వేడికే ఆ గాయాలు నెమ్మదిగా మానిపోతాయి. కొన్ని కనబడవు, వయసు తక్కువ వస్తుంది. దీనికి వెస్ట్‌గేట్ వాడిన ఉపాయం నాకు చాలా ఇష్టం. పాత జాడలున్న ముక్కనూ, రియాక్టర్‌లో కొత్తగా జాడలు వేయించిన ముక్కనూ కలిపి 150 డిగ్రీల్లో నెల రోజులు ఉంచుతారు. కొత్త జాడలు కూడా పాతవాటంత మానిపోతాయి. అప్పుడు లెక్కపెడితే రెండూ సమానమైన స్థితిలో ఉంటాయి.

ఇక మూడో తేదీ, డబ్బాకు మూత పెట్టిన తేదీ. మట్టిలోని క్వార్ట్జ్ రేణువు చుట్టూ ఉన్న రేడియోధార్మికత నుంచి కొంత శక్తిని పట్టి దాచుకుంటుంది. ఎండ తగిలితే దాచుకున్నదంతా వదిలేస్తుంది. మట్టి కప్పాక మళ్లీ కూడబెట్టడం మొదలెడుతుంది. ప్రయోగశాలలో కాంతి వేసి ఎంత కూడబెట్టిందో చూస్తే చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో తెలుస్తుంది. దీన్ని ఓఎస్ఎల్ అంటారు. నమూనా తీసేటప్పుడు ఉక్కు గొట్టాన్ని గోడలోకి దిగ్గొట్టి, రెండు వైపులా మూసి, నల్లసంచిలో పెడతారు. విప్పేది చీకటిగదిలో ఎర్రదీపం కింద. ఒక్క క్షణం ఎండ తగిలినా కష్టమంతా వృథా.

జ్వాలాపురంలో మైకేల్ పెట్రాలియా, ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో అప్పటి ఆచార్యులు రవి కొరిశెట్టర్ బృందం ఈ పద్ధతే వాడింది. బూడిద కింది మట్టి 77,000 ఏళ్లు, అటూ ఇటూ 6,000. పైది 74,000, అటూ ఇటూ 7,000. 2007లో ప్రచురించారు. బూడిద కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయి, అంటే ఆ విపత్తు తర్వాత కూడా అక్కడ మనుషులు బతికి బట్టకట్టారన్నది వారి వాదన. ఆ పనిముట్లు చేసింది మన జాతి మనుషులేనా అన్నదానిపై వాదాలున్నాయి. నేను చూపదలచుకున్నది ఆ అంకెలు. ఇంత వెడల్పున్న అంకెలతో ఏది ముందో ఏది వెనకో ఓఎస్ఎల్ ఒక్కటే చెప్పలేదు, రెండూ ఒకదాని మీదొకటి పడుతున్నాయి. ముందు వెనకలు చెప్పింది పొరల వరస. కింద ఉన్నది ముందు, పైన ఉన్నది తర్వాత. ఆ సాక్ష్యానికి రియాక్టర్ అక్కర్లేదు, చెదరని గుంట గోడ కావాలి.

జిర్కాన్ గురించి క్లుప్తంగా చెబుతాను. యురేనియం సీసంగా మారే గడియారం అది. చాలా పాత బూడిదకు దాన్ని మించింది లేదు. చైనాలో మెయ్‌షాన్ దగ్గర, పెర్మియన్ యుగం చివర జరిగిన మహా వినాశనానికి అటూ ఇటూ ఉన్న బూడిద పొరలతో ఆ ఘట్టం 25.19 కోట్ల ఏళ్ల కిందట, ఒక లక్ష ఏళ్ల లోపలే ముగిసిందని లెక్క కట్టారు. పాతిక కోట్ల ఏళ్ల వెనక లక్షకు లోపు! కానీ జిర్కాన్ చెప్పేది కాయ కోసిన తేదీ. టోబా మాగ్మా గదిలో కొన్ని స్ఫటికాలు పేలుడుకు లక్ష ఏళ్లకు పైగా ముందే పెరగడం మొదలెట్టాయి. పాతిక కోట్లలో ఆ తేడా కనబడదు. 74 వేలలో ముంచేస్తుంది. రాజమండ్రి దగ్గర కాతేరు బసాల్టు చూసినవాళ్లకు తెలుసు, దక్కను లావా అక్కడిదాకా వచ్చింది. 2019లో ఆ దక్కను లావాలకు ఒక బృందం జిర్కాన్‌తో, ఇంకో బృందం ఆర్గాన్‌తో వయసు కట్టి ఒకే పత్రిక సంచికలో ప్రచురించాయి. మొత్తం మీద పది లక్షల ఏళ్లలోపే కుమ్మరించిందన్నదానిలో కలిశాయి. ఎక్కువ లావా డైనోసార్లు పోకముందా, పోయాకా అన్న చోట విడిపోయాయి.

ఒక విద్యార్థి చీటీ పంపించాడు. "సార్, 73,880 అయినా 75,000 అయినా మనకేం తేడా?" మంచి ప్రశ్న బాబూ. గ్రీన్‌ల్యాండ్ మంచు, అంటార్కిటికా మంచు రెండిట్లోనూ ఆ కాలానికి అగ్నిపర్వతాల ఆమ్లపు చారలు ఉన్నాయి. వాటిని జత కలిపి టోబా చార ఏదో వెతికే పని 2013లో ఒక బృందం చేసింది. ఆ కాలంలో గ్రీన్‌ల్యాండ్ వాతావరణం కొన్ని వందల ఏళ్లలోనే చలి నుంచి వేడికీ, వేడి నుంచి చలికీ మారేది. చలి టోబా వల్ల వచ్చిందా, అప్పటికే వస్తూ ఉందా అని తేలాలంటే వెయ్యేళ్ల తేడా చాలా పెద్దది. జుర్రేరు ఒడ్డున రాళ్లు చెక్కుకుంటున్న మనుషులు చూసింది ఒక ఏడాది చీకటా, తరాల తరబడి కరువా అన్నది ఆ వెయ్యేళ్ల మీదే ఆధారపడి ఉంది.

నేను రెండోసారి జ్వాలాపురం వెళ్లేటప్పటికి మొదటిసారి కూర్చున్న గోడ లేదు. తవ్వుకుపోయారు. తవ్వేవాళ్లను నేనేమీ అనను, వాళ్లకది కూలి. కానీ రెండున్నర మీటర్లలో, నేరుగా ఆకాశం నుంచి రాలిన ఆ అడుగు కొద్ది సెంటీమీటర్లూ బస్తాలో కలిసిపోతే, ఏ రియాక్టరూ దాన్ని వెనక్కి తేలేదు. నంద్యాల వైపు బంధువులున్న టీచర్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, పిల్లల్ని తీసుకుని వెళ్లి ఒక గుంట గోడనైనా కొలతలతో బొమ్మ గీయించండి, ఫొటోలు తీయించండి. అంగుళం అంగుళానికీ రాసి పెట్టండి.

సీసా వెనక వరస నుంచి తిరిగొచ్చినట్టుంది, థాంక్సమ్మా. ఆ కిటికీ పక్కన బల్ల మీద మైక్రోస్కోపు పెట్టాం. పొద్దున ఈ బూడిదనే చిటికెడు నీళ్లలో కడిగి, తేరుకున్నాక పై మడ్డినీళ్లు వంచేసి, అడుగున మిగిలింది స్లైడు మీద వేశాను. చూస్తే తేటగా, వంపు తిరిగి, కొన్ని మూడు కొమ్మల పంగల్లా ఉన్న పెంకులు కనిపిస్తాయి. మాగ్మాలో నురగ బుడగలు పగిలితే మిగిలిన గోడలవి. వాటి మధ్య ఒకటి రెండు గుండ్రటి, మసక గింజలు కూడా ఉన్నాయి. అవి టోబావి కావు, మన వాగువి. ముందు వాటిని కనిపెట్టండి. ఒక్కొక్కరుగా రండి, బల్ల కదపొద్దు.